ఇరవై రెండో తరం

శుక్రవారం పొద్దున మున్సిపాలిటీవాళ్ళు తెనాలిలో మాణిక్యాంబ ఉండే వీధికి వచ్చి, డెంగ్యూ తిరుగుతోంది, ఇంట్లో ఎక్కడా నీళ్ళు నిలవ ఉంచకండి అని చెప్పి వెళ్ళారు. మాణిక్యాంబ ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదు. పూలకుండీల కింది పళ్ళేలు, కూలర్ అడుగున ఉన్న తడి, చివరికి కోడలి గదిలో బల్ల కాళ్ళ కింద పెట్టిన నాలుగు గిన్నెల నీళ్ళూ పారబోసి, గిన్నెలు తనే తోమి వంటింట్లో బోర్లించింది. ఆ గదిలో అడుగుపెట్టినందుకు మళ్ళీ తలస్నానం చేసింది.

ఎందుకంటే ఆ బల్ల మీదున్నవి పురుగులు. కోడలు మేఘన బాపట్ల వ్యవసాయ కాలేజీలో, మొక్కజొన్నని తినేసే కత్తెర పురుగు మీద పరిశోధన చేస్తోంది. ల్యాబులో వైరింగు మారుస్తున్నారని, వారం క్రితం పురుగులున్న పెట్టెలన్నీ ఇంటికి మోసుకొచ్చింది. రెండు రోజులు రేపల్లె వైపు మొక్కజొన్న చేలల్లో తిరిగి, శుక్రవారం రాత్రి అలసిపోయి వచ్చి పడుకుంది.

శనివారం పొద్దున మాణిక్యాంబ కాఫీ తాగుతుండగా ఆ గదిలోంచి కోడలి కేక వినిపించింది.

"ధనమ్మా! ఈ గిన్నెలు ఎవరు తీశారు?"

పనిమనిషి ధనమ్మ తడిగుడ్డ వదిలేసి గుమ్మం దాకా వచ్చింది. బల్ల కాళ్ళ మీదుగా ఎర్రచీమలు బారులు తీరి పెట్టెల్లోకి వెళ్తున్నాయి.

"నాకు తెల్దమ్మా. ఆ పురుగుల్ని చూస్తేనే ఒళ్ళు జలదరిస్తది నాకు."

"మరి గిన్నెలు నడుచుకుంటూ వంటింట్లోకి పోయాయా? తోమి మరీ బోర్లించి ఉన్నాయి!"

"తోమేదాన్నని తీసింది కూడా నేనే అంటారా? బాగుందమ్మా నాయం."

"మూడేళ్ళ పని పోయింది నాది! నువ్వు రేపట్నించి రావద్దు."

మాణిక్యాంబ కాఫీ గ్లాసు కింద పెట్టి గుమ్మం దగ్గరికి వచ్చింది. అరవై ఆరేళ్ళొచ్చి, పురుగుల కోసం కోడలి ముందు దోషిలా నిలబడటమా? ధనమ్మ చీపురు గోడకానించి, కొంగుతో చేతులు తుడుచుకుని ఒక్కసారి ఆమె వైపు చూసింది. నిన్న మాణిక్యాంబ గిన్నెలు తోముతుంటే పక్కనే నిలబడి చూసిన మనిషి. అయినా చెప్పలేదు.

"ఆగవే ధనమ్మా. మేఘనా... నేనే పారబోశాను."

"మీరా?"

"దోమలు పెరుగుతాయన్నారు..."

"అవి చీమలు ఎక్కకుండా పెట్టిన నీళ్ళు అత్తయ్యగారూ! మీరు పాలగిన్నె కింద పళ్ళెంలో పొయ్యరూ, అలాగే!" మేఘన ఒక పెట్టె మూత తీసి చూసింది. "ఇరవై రెండు తరాలు వీటికి పురుగుమందు వాసన తగలనివ్వలేదు. రేపల్లె చేలల్లో పురుగు ఎంత మందు కొట్టినా చావట్లేదు. అది ఎంత మొండికెక్కిందో తేలాలంటే వీటితోనే పోల్చాలి. ఇప్పుడు దేనితో పోల్చను?"

"నాకెవరు చెప్పారే ఇదంతా? అవేంటమ్మా అని అడిగితే, 'మీకర్థం కాదులెండి' అని తలుపేసుకున్నావు."

 మేఘన గబగబా పై వరస పెట్టెలు దించసాగింది. "వీటికింకా ఎక్కలేదు. త్వరగా పట్టుకోండి!"

మాణిక్యాంబ చేతులు చాచింది. పెట్టెలో చిన్న చిన్న కప్పులు, కప్పుకొక పురుగు.

"విడివిడిగా పెట్టావేం?"

"కలిపి పెడితే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఈ పెట్టెలోవన్నీ ఒక్క తల్లి పిల్లలు. ముప్ఫై మంది తల్లులుండేవారు, ఇద్దరివే మిగిలాయి. అన్నాచెల్లెళ్ళ సంతానంతోనే నెట్టుకొస్తే, నాలుగు తరాలకి నీరసించిపోతాయి."

"మరింక దారే లేదా?"

"పోయినేడు నా దగ్గర ఈ పురుగుల గుడ్లు తీసుకున్న ల్యాబు ఒకటుంది. తిరిగి ఇమ్మని అడగాలి. ఇక్కడివి ఎలా పోయాయో వాళ్ళకి రాసివ్వాలి."

"నా పేరు రాయి. ధనమ్మ పేరు ఎక్కడా రాకూడదు."

మేఘన గుమ్మం వైపు తిరిగింది. "ధనమ్మా, తప్పయిపోయింది. రేపు రావాలి నువ్వు."

"వస్తాలేమ్మా. ముందు ఈ చీమల సంగతి చూడు, నా కాలెక్కుతున్నాయి."

మధ్యాహ్నానికి ఆ ల్యాబుకి ఉత్తరం రాసి మేఘన అత్తగారి చేతికిచ్చింది. మాణిక్యాంబ కళ్ళజోడు పెట్టుకుని తన పేరు కోసం వెతికింది. ఎక్కడా లేదు. కారణం అన్నచోట రెండే వాక్యాలున్నాయి. 'ఆ నీళ్ళు ఎందుకు పెట్టానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొరపాటు నాదే.'

తర్వాతి అక్షరాలు ఆమెకు కనిపించలేదు. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఇలా కూర్చో," అంది. "ఆ పురుగు సంగతేంటో మొదట్నించీ చెప్పు."