మూడో స్థానంలో నానివా రైల్వే

ఆ ఆదివారం కూడా గిన్‌జిరో ఏడింటికల్లా మేడ దిగి, తడి తువ్వాళ్లు ఆవిరి పెట్టెలో సర్ది, కత్తిని తోలుపట్టీ మీద పదిసార్లు అటూ ఇటూ నూరాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. అమగసాకి ఊళ్లో రైలుకట్ట పక్క సందులో ఆ క్షౌరశాల పెట్టి యాభై ఏళ్లయింది. దుకాణంలో రెండే కుర్చీలు. కిటికీ వైపుది ఆయనది, లోపలి వైపుది కూతురు మిసావోది. పెళ్లి పెటాకులై పన్నెండేళ్ల కిందట పుట్టింటికి వచ్చేసిన మిసావో, తండ్రి పక్కన నిలబడి పని చేస్తూనే యాభై దాటింది. తల్లి తెరుకో పోయి మూడేళ్లు.

"నడుం ఎలా ఉంది నాన్నా?"

"భేషుగ్గా ఉంది. రోజూ పొద్దున్నే అదే ప్రశ్న. ముసలాణ్ణయ్యానని గుర్తు చెయ్యడానికా?"

"మొన్న వరసగా మూడ్రోజులు కుర్చీ దగ్గరికే రాలేదుగా. గడ్డాలన్నీ నేనే గీశాను."

"గీస్తే చేతులు అరిగిపోయాయా? కబుర్లు చాలించి, జిగురు డబ్బా ఎక్కడుందో చూడు. ఇవాళ చీటీల రోజు."

మార్చి మూడో ఆదివారం ఆ సందుకి పండగ కిందే లెక్క. బేస్‌బాల్ పోటీలు మొదలవడానికి ఇంకా రెండు వారాలుంటాయి. పాత ఖాతాదార్లంతా వచ్చి, ఆరు జట్లలో ఈ ఏడు ఏది మొదట నిలుస్తుందో, ఏది అడుగున పడుతుందో చీటీ మీద వరసగా రాసి, పెద్ద అద్దం చుట్టూ అంటిస్తారు. అక్టోబరులో లెక్క చూస్తారు. ఎవరి జోస్యం అందరికంటే ఎక్కువ తప్పితే వాళ్లకి గిన్‌జిరో నున్నగా గుండు గీస్తాడు. మినహాయింపుల్లేవు. ఒక ఏడాది బౌద్ధ గుడి పూజారి ఓడిపోతే, ఆయనది ఎలాగూ గుండే కాబట్టి కనుబొమ్మలు పోయాయి.

ఈ చీటీలు మొదలైన ముప్ఫై ఐదేళ్లలో గిన్‌జిరో తల మీద మాత్రం ఆ కత్తి పడలేదు. అందుకు కారణం ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆయన ప్రాణమంతా నానివా రైల్వే జట్టు. తెరుకోని మొదటిసారి వెంటబెట్టుకెళ్లింది ఆ జట్టు మైదానానికే. ముప్ఫై ఆరేళ్ల కిందట రైలు కంపెనీ ఆ జట్టుని అమ్మేసింది. కొన్నవాళ్లు దాన్ని దూరాన క్యూషూ దీవికి పట్టుకుపోయి, కామెట్స్ అని కొత్త పేరు పెట్టారు. మైదానం పడగొట్టి అంగళ్ల మేడ కట్టారు. ఆ రోజు నించి గిన్‌జిరోకి సొంత జట్టంటూ లేదు. "ప్రేమ ఉన్నవాడు జోస్యం చెప్పకూడదు. కళ్లకి పొర కమ్ముతుంది" అనేవాడు. ఆయన చీటీ ఆ సందుకి పంచాంగం.

చేపల కొట్టు హమాగుచి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ప్రతి ఏడూ సొంత ఊరి హార్బర్స్ జట్టునే మొదట రాస్తాడు. ఏడుసార్లు గుండయింది, బుద్ధి రాలేదు. పదకొండు గంటలకి వచ్చి గిన్‌జిరో కుర్చీలో చతికిలబడ్డాడు.

"గురువుగారూ, ఈసారి మాత్రం హార్బర్స్‌కి తిరుగులేదు. రాసిపెట్టుకోండి."

"నువ్వు రాసి పెడుతున్నావు, నేను గీసి పెడుతున్నాను. అక్టోబరుకి టోపీ ఇప్పుడే కొనుక్కో, చవగ్గా వస్తుంది."

నలుగురూ నవ్వారు. వాడుక ప్రకారం గిన్‌జిరో చీటీ ఆఖరిది. ఆయన దాన్ని అద్దం నెత్తిన తన చేత్తోనే అంటించాడు. కుర్చీలో ఉన్న హమాగుచి మెడ సాచి, అందరికీ వినబడేలా చదివాడు.

"ఒకటి, స్టాగ్స్. రెండు, హార్బర్స్. పోన్లెండి, రెండో చోటైనా ఇచ్చారు. మూడు..." అంటూ ఆగి, తొడ చరిచి పడీ పడీ నవ్వాడు. "నానివా రైల్వే! ఒరేయ్, మూడోది నానివా రైల్వే అటరా! కామెట్స్‌ని ఏకంగా ఎత్తేశారు గురువుగారు!"

దుకాణం దద్దరిల్లిపోయింది. మిసావో కూడా నవ్వింది. నవ్వుతూనే అద్దంలోకి చూసింది. అందులో తండ్రి కళ్లు ఒక్కొక్కరి మొహం మీదికీ వెళ్లి వస్తున్నాయి. ఎందుకు నవ్వుతున్నారో ఆయన వెతుక్కుంటున్నాడు. ఆ తర్వాత, అందరి నవ్వులూ సగానికి వచ్చాక, ఆయనా నవ్వాడు.

"వేళాకోళానికైతే మొదటి చోటే ఇవ్వాల్సింది గురువుగారూ, మూడేంటి?" అన్నాడు హమాగుచి కళ్లు తుడుచుకుంటూ.

మిసావో నవ్వు ఆగిపోయింది. నిజమే. వేళాకోళమైతే మొదటే రాసేవాడు. మూడో చోట రాశాడంటే, ఆ జట్టు బంతి వేసేవాళ్లనీ కొట్టేవాళ్లనీ తూచి, ఆలోచించి రాశాడు. ముప్ఫై ఆరేళ్ల కిందట పోయిన జట్టు ఆయన తలలో ఈ ఏడు ఆడబోతోంది.

అప్పటికే గిన్‌జిరో హమాగుచి గడ్డానికి నురగ పూసి, కుర్చీ వెనక్కి వాల్చి, కత్తి విప్పాడు.

"నాన్నా, హమాగుచి గారిని నేను చూస్తాలే. నువ్వు కాస్త కూర్చో."

"నా కుర్చీలో కూర్చున్న మనిషిని నువ్వు చూడ్డమేంటి? అవతలికి జరుగు."

కత్తి గొంతు మీద కిందినించి పైకి నడుస్తున్నంతసేపూ మిసావో తన కుర్చీ వదిలి పక్కనే నిలబడింది. చిన్న గాటు కూడా పడలేదు. ఆయన చెయ్యి ఎప్పటిలాగే గాలి కదిలినట్టు కదిలింది. కానీ ఆ చేతికి చెప్పే తల మాట ఏమిటి? హమాగుచి గొంతు తడుముకుని, "వెన్నలా ఉంది" అని మెచ్చుకుంటూ పోయాడు.

మర్నాడు సోమవారం, దుకాణానికి సెలవు. సెలవు రోజున గిన్‌జిరో కత్తులన్నీ తీసి నూనె రాసుకుంటాడు. ఆ ఉదయం సొరుగు లాగితే అందులో ఏమీ లేదు.

"మిసావో! నా కత్తులేవి?"

ఆమె వంటింట్లో సోయా ముద్ద వేసి మిసో పులుసు కలుపుతోంది. "తీసి దాచాను" అని మాత్రం అంది.

"దాచావా? ఎందుకు?"

"నువ్విక కత్తి పట్టొద్దు నాన్నా. నిన్న చీటీలో ఏం రాశావో తెలుసా నీకు?"

"తెలుసు." ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ తర్వాత గొంతు పెరిగింది. "కత్తులేవి అంటున్నాను!"

"బియ్యం డబ్బాలో ఉన్నాయి. నువ్వు తియ్యడానికి వీల్లేదు. ఎవరి గొంతైనా తెగితే? హమాగుచి గారికి ముగ్గురు మనవలున్నారు. నిన్న నువ్వు గీస్తుంటే నా ప్రాణం ప్రాణంలో లేదు."

"యాభై ఏళ్లలో ఒక్క నెత్తురు చుక్క చూపించు ఈ దుకాణంలో!"

"యాభై ఏళ్ల సంగతి కాదు నాన్నా! రేపటి సంగతి! నీ మతి నీ దగ్గర ఉండటం లేదు!"

అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. గిన్‌జిరో అరవలేదు. మెట్లెక్కి పైకి వెళ్లాడు. తెరుకో ఫోటో ముందు పెట్టిన బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి, పులుసు గిన్నెల పక్కన బల్ల మీద బోర్లించాడు. చీటీలు కుప్పగా పడ్డాయి. వందల చీటీలు. ప్రతిదాని మీదా ఆరు జట్ల పేర్లు, మూలన తేదీ.

"ఇవేంటి?"

"ఏడాదిన్నర నించీ రాస్తున్నాను. పొద్దున్నే, నువ్వు లేవకముందు. పేపరు చూడకుండా ఆరు పేర్లూ రాసి, తర్వాత పేపరుతో సరిచూసుకుంటాను. ఆరూ సరిపోతే ఆ రోజు కత్తి పడతాను. ఒక్కటి తప్పినా ఆ రోజుకి నడుం నొప్పి."

మిసావో బల్ల మీదికి వంగింది. కుప్పలోంచి ఒక చీటీ తీసింది. గురువారం తేదీ, ఐదు పేర్లు, కింద ఖాళీ. ఇంకోటి తీసింది. శుక్రవారం, ఒకే పేరు రెండుసార్లు. శనివారం నాలుగే. మొన్న కుర్చీ దగ్గరికి రాని మూడు రోజులూ అవే. ఆ మూడు రోజులూ ఆమె విసుక్కుంటూ ఆయన నడుముకి మందు పట్టీ వేసింది. ఆయన చొక్కా ఎత్తి, నొప్పి లేని నడుముకి ఆ పట్టీ వేయించుకున్నాడు.

"నాకు చెప్పొచ్చుగా నాన్నా..."

"ఏమని చెప్పను? నిన్న పొద్దున కూడా రాశాను. పేపరుతో సరిచూశాను. ఆరూ సరిపోయాయనుకున్నాను. కామెట్స్ అని అక్కడ అచ్చేసి ఉంది, నా కళ్లు నానివా అని చదివాయి. మీరంతా నవ్వినప్పుడు కూడా తెలీలేదు. సాయంత్రం మళ్లీ పేపరు తీస్తే తెలిసింది." ఆయన బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. "ఇన్నాళ్లూ తప్పితే తప్పిందని తెలిసేది. త్రాసే చెడిపోయాక ఇక తూకం ఏముంది? పొద్దున్న నిద్ర లేస్తూనే అనుకున్నాను, కత్తులు శుభ్రం చేసి నీ చేతిలో పెడదామని. నీ చేతిలో పెడదామని వస్తే సొరుగు ఖాళీగా ఉంది. దొంగకి భయపడి దాచినట్టు దాచావు."

మిసావో ఏడుపు ఆపుకోలేకపోయింది. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన నాలుగు కత్తులూ తీసి తండ్రి ఒళ్లో పెట్టింది. "తప్పయింది నాన్నా" అంది. ఆయన గుడ్డ విప్పి, పిడికి అంటిన బియ్యపు గింజ దులిపి, అన్నింటికంటే పాతదాన్ని ఎంచి రెండు చేతులతో కూతురికి అందించాడు. ఆమె కూడా రెండు చేతులతో అందుకుంది.

"పద కిందికి. గుండు గీద్దువుగాని."

"ఎవరికి?"

"ఇంకెవరికి? లేని జట్టు మూడో చోట నిలుస్తుందా? అక్టోబరులో ఓడేది నేనే."

"అక్టోబరుకి చూద్దాంలే నాన్నా. ఆట మొదలే కాలేదు."

"అక్టోబరుకి నువ్వు నాకు గుండు ఎందుకు గీస్తున్నావో నాకు తెలియకపోవచ్చు. ఇవాళ తెలుసు. ఇవాళే కానియ్యి."

షట్టరు దించిన దుకాణంలో గిన్‌జిరో తన కుర్చీలోనే ఖాతాదారుగా కూర్చున్నాడు. మిసావో వేడి తువ్వాలు చుట్టింది, నురగ పూసింది. కత్తి నుదుటి పైన ఆనించింది. "కత్తిని వాల్చి పట్టు. నెత్తిన చర్మం పల్చగా ఉంటుంది" అన్నాడాయన కళ్లు మూసుకునే. తెల్లటి వెంట్రుకలు గుడ్డ మీద రాలాయి. తండ్రి తల ఇంత చిన్నదని ఆమెకి అప్పటిదాకా తెలియదు. అంతా అయ్యాక ఆయన నెత్తి నిమురుకుని, "నెత్తురు చుక్క లేదు. దుకాణం నీది" అన్నాడు. ఆమె అద్దం మీది ఆయన చీటీ పీకబోతే వద్దన్నాడు. రూలు రూలే, అక్టోబరు దాకా ఉండాలన్నాడు.

మంగళవారం హమాగుచి ఆ గుండు చూసి నవ్వబోయాడు. మిసావో మొహం చూశాడు. తన టోపీ తీసి గురువుగారి తలకి పెట్టాడు. ఆ తర్వాత లోపలి కుర్చీలో కూర్చుని, "అమ్మాయ్, గడ్డం" అన్నాడు.

గిన్‌జిరో చీటీలు రాయడం మాత్రం మానలేదు. ఇప్పుడు సరిచూసేది మిసావో. "జాలిపడి అబద్ధం చెప్పావంటే ఊరుకోను. జట్టుకైనా మనిషికైనా తన స్థానం తనకి తెలియాలి" అని ఒట్టు వేయించుకున్నాడు. ఆమె మాట తప్పలేదు. ఒక రోజు ఐదు అంది. ఒక రోజు మూడే అంది. ఆయన తల పంకించి తువ్వాళ్లు మడత పెట్టుకునేవాడు.

పోటీలు మొదలయ్యే శుక్రవారం ఉదయం, షట్టరు ఎత్తకముందే ఆయన చీటీ పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. మొహం కళకళలాడుతోంది.

"చూడు. ఎన్ని?"

రెండో చోట స్టాగ్స్. మూడో చోట నానివా రైల్వే. నాలుగు, ఐదు, ఆరు ఖాళీ. మొదటి చోట, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, తెరుకో అని రాసి ఉంది.

మిసావో ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుంది.

"ఆరుకి ఆరూ సరిపోయాయి నాన్నా."

"మొదటి చోటు ఎవరికిచ్చానో చూశావుగా?"

"చూశాను."

"ఈ ఏడు తిరుగులేదు" అంటూ గిన్‌జిరో టోపీ సర్దుకుని షట్టరు ఎత్తడానికి వెళ్లాడు.