ఎదుటి అంచు కుట్టు

దాసమ్మ కుట్టిన మొదటి బొంత అదే, చివరిదీ అదే. ఇప్పటికీ ఎవరైనా సూదీ దారం తెస్తే "నాకు చేతకాదులేమ్మా" అని తప్పుకుంటుంది.

ఏడేళ్ల కిందటి మాట. చెనిక్కాయలు పండే పొలం సోలార్ పార్కుకు కౌలుకిచ్చాక ఆడవాళ్లకు పగలంతా తీరికే. దాసమ్మకు ఎనిమిదో నెల. పుట్టబోయే బిడ్డ కోసం పడసాలలో పాత చీరలు పరిచింది. ఇంటి వెనక సోలార్ మిషన్ల రొద పొద్దు వాలేదాకా ఝుమ్మంటూనే ఉంటుంది.

"బొంత ఇద్దురు కుట్టాలమ్మే. ఎదురుగా ఎవురూ లేకుంటే ఆ అంచు మీద రాయన్నా పెట్టు, కాళీగా ఇడ్సాకు," అంది అత్త ఓబక్క. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "మా బోరమ్మ కుట్టితే చీమల బారే. ఆ సన్న కుట్టు ఇంగెవురికొస్తాది!" అని నిట్టూర్చింది.

బోరమ్మ అంటే దాసమ్మ మొగుడు వీరేశ్ మొదటి పెళ్లాం. తొలి కాన్పులో బిడ్డతో సహా పోయింది. పోయి మూడేళ్లయినా ఆ ఇంట్లో రాగి ముద్ద కెలికినా, ముగ్గు వేసినా ఆమె పేరే. దాసమ్మకు ఒళ్లు మండిపోయేది. బతికున్న సవతైతే జుట్టు పట్టుకోవచ్చు, చచ్చినదాన్ని ఏం పట్టుకుంటాం?

అందుకే, వీరేశ్ పెట్టె అడుగున కలరా ఉండలేసి దాచుకున్న బోరమ్మ పెళ్లిచీర తీసి బొంత నడిమి పొరగా వేసేసింది. నా బిడ్డ కింద పడుండు, అనుకుంది. ఎదుటి అంచున మనిషినీ పెట్టలేదు, రాయీ పెట్టలేదు. ఒక్కతే కుట్టిందని ఊరు చెప్పుకోవాలి మరి.

మూడో రోజు ఓబక్క చూసి మురిసిపోయింది. "ఏమ్మే, ఈ పక్క భలే సన్నగా కుట్టినావే!"

అది దాసమ్మ కూర్చున్న పక్క కాదు.

ముందు భయం వేయలేదు. కుళ్లు పుట్టింది. అత్త నోట మొదటిసారి మెప్పు వస్తే అదీ దానికేనా! కత్తెర తెచ్చి ఆ వరసలన్నీ ఊడదీసింది. మర్నాటికి మళ్లీ ఉన్నాయి, ఇంకో జానెడు ముందుకొచ్చి.

ఆ సాయంత్రం పొద్దు వాలింది. మిషన్ల రొద ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో... సర్ర్... బట్టలోంచి దారం లాగిన చప్పుడు. దాసమ్మ చేతిలో సూది కదల్లేదు. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఎదుటి అంచు అణిగి ఉంది, ఎవరో మోకాలు మోపినట్టు.

"లెయ్యి..." గుసగుసగా అంది దాసమ్మ. "బిడ్డ నాది."

సర్ర్...

దాసమ్మ పంతం పట్టి కుట్టింది. వేళ్లకు సూది గుచ్చుకుంది. చీకటి పడింది. నడిమిన రెండు కుట్లూ కలిశాయి. చివరి ముడి మాత్రం వేసింది దాసమ్మ కాదు.

దాసమ్మ ఆ బొంతను అటక మీదికి విసిరేసింది. కూతురు రక్షిత పుట్టిన మూడో నెలలో, సంగతి తెలియని ఓబక్క దాన్ని దించి దాని మీద బిడ్డను పడుకోబెట్టింది. దాసమ్మ ఆ పొద్దున రేషన్‌కని పావగడకు పోయింది. బస్సు దొరక్క మధ్యాహ్నం దాటింది. రొమ్ములు సలుపుతుంటే పరుగున వచ్చింది.

"బిడ్డ ఏడ్సిందా అత్తా? ఏమన్నా తాపినావా?"

"నేనేం తాపుదును? ఒక్కతూరి గూడా ఏడ్సల్యా."

దాసమ్మ వంగి చూసింది. రక్షిత పొట్ట నిండుగా ఉంది. నిద్రలో చప్పరిస్తోంది. పెదవి చివర తెల్లటి చుక్క...

వేలితో తుడిచింది. పాలు. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.