కొండ నీడ పడకముందే

దీవి కనబడిన పొద్దున పడవలో ఎవరికీ కేక పెట్టే ఓపిక కూడా లేదు. రోజుల తరబడి ముసురు. పడవ కప్పు మీది సోలార్ పలకలకు ఎండ తగలక బ్యాటరీ అడుగంటింది. ఎర్రన్న రేడియో కట్టేశాడు, ఫ్యాను కట్టేశాడు, దారి చూపే జీపీఎస్ తెరను కూడా కాసేపు వెలిగించి ఆర్పేస్తున్నాడు. ఆపనిది ఒక్క నీళ్ళ పంపునే. రాతిదిబ్బ తగిలి పడవ అడుగున చీలిక పడింది. పంపు నీళ్ళు తోడుతున్నంతసేపే అది పడవ. వలలూ ఇల్లూ అమ్మి కొన్న తెరచాప పడవ. ఎర్రన్నకీ పెళ్ళాం కొర్లమ్మకీ ఇప్పుడు వేరే కొంప లేదు.

"ఎనక్కి పోదాం," అన్నాడు ఎర్రన్న.

"ఇంత దూరమొచ్చి ఎనక్కా బావా?" బావమరిది దానయ్య, తన తాత ఇచ్చిన తోలు పటాన్ని ఎర్రన్న మొహం మీదికి తెచ్చాడు. "అదుగో, రెండు కొమ్ముల కొండ! దాని కిందే నిధి ఉన్న గుహ!"

అంతలో మబ్బు విడి చుర్రున ఎండ కాసింది. ఎండ ఉంటే పంపుకి భయం లేదు. ఎర్రన్న నిట్టూర్చి లంగరు దింపాడు. మగాళ్ళిద్దరూ చిన్న తెప్పలో చాలాసేపు కూర్చున్నాక గానీ కొర్లమ్మ చేతులు తుడుచుకుంటూ దిగలేదు.

మడ అడవి వాళ్ళని తేలిగ్గా పోనివ్వలేదు. మోకాలి లోతు బురద కాళ్ళని పట్టి లాగింది. ముళ్ళు చొక్కాలు చీల్చాయి. గుహ నోట్లో సముద్రపు నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. అవి దాటి, గబ్బిలాల కంపు భరిస్తూ, బండల మీద పాకుతూ పోతే చివరికి దానయ్య లైటు ఇత్తడి పట్టీల మీద మెరిసింది.

"అప్పా! దొరికినాదే!" అక్క వైపు తిరిగి అరిచాడు.

రాయితో కొడితే తాళం ఊడింది. పెట్టె నిండా బంగారు కాసులు. దానయ్య పిచ్చివాడిలా నవ్వాడు. కానీ ముగ్గురూ కలిసి లాగినా పెట్టె జానెడు కదలలేదు.

"మూటలు కట్టి మోద్దాం. సాయంకాలానికి అయిపోద్ది," అన్నాడు దానయ్య.

"సాయంకాలం దాకానా? మరి నా నెత్తళ్ళు తిరగెయ్యద్దా?" అంది కొర్లమ్మ.

"ఏ నెత్తళ్ళు?" అన్నాడు ఎర్రన్న.

"పొద్దున పాత చీరతో పట్టిన సన్న చేపలే. ఎండెట్టొచ్చాను. కప్పు మీది ఆ నల్ల అద్దాలు పెనంలా కాల్తన్నాయి మావా. ఇసక కూడా అంటదు."

సముద్రం ఒడ్డున పుట్టిన ఆడది ఎండ వృథాగా పోతుంటే చూస్తూ ఊరుకోలేదు. ఎర్రన్నకి పడవ కప్పు కళ్ళకు కట్టింది. పలకల మీద చేపలు, వాటి కింద చీకటి, పంపుకి కరెంటు లేదు.

"పడవ మునిగిపోద్దే!" గుహ దద్దరిల్లేలా అరిచాడు. "ఒగ్గేయండి! బేగి రండి!"

"బంగారం బావా!"

"పడవ లేకపోతే బంగారం నంజుకు తింటావేట్రా!"

పరిగెత్తారు. గుహ నోట్లో పోటు ఎక్కి నీళ్ళు కప్పుని తాకుతున్నాయి. ఊపిరి బిగబట్టి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అడుగున ఈదారు. దానయ్య తల రాయికి కొట్టుకుంది. బయటపడేసరికి మొహమంతా నెత్తురు.

పడవ ఒక పక్కకి ఒరిగి, అంచు నీళ్ళని నాకుతోంది. లోపల మంచం తేలుతోంది. కొర్లమ్మ చేపల్ని దోసిళ్ళతో సముద్రంలోకి తోసేసి, కొంగుతో పలకలు తుడిచి, "నా చేతుల్తో నేనే ముంచుకున్నాను మావా" అని బావురుమంది. ఎర్రన్న తిట్టలేదు, బకెట్టు చేతికిచ్చాడు. ముగ్గురూ చేతులు పడిపోయేలా తోడారు. చివరికి పంపు దగ్గి, మూలిగి, నీళ్ళు కక్కడం మొదలుపెట్టింది.

దానయ్య నిలబడ్డాడు. "బావా, నాను ఒడ్డున కూకుంటాను. పోటు తీసేక ఒక్క మూట తెస్తాను. ఒక్కటే!"

ఎర్రన్న వేలితో చూపించాడు. పొద్దు వాలి కొండ నీడ నీళ్ళ మీదుగా పడవ వైపు పాకుతోంది. "అది పలకల మీద పడితే మళ్ళీ పంపు ఆగిపోద్ది. నాను ఎండలోకి పోవాల, రేత్రికి బ్యాటరీ నిండాల. నీకోసం తిరిగి రాగలనో లేదో మాటివ్వలేను. ఎల్తే ఎల్లు."

దానయ్య తెప్పలో దూకి నాలుగు తెడ్లు వేశాడు. చిన్నప్పట్నించీ కలగన్న పెట్టె అది. నడిమధ్యన తెప్ప ఆపి పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని వెనక్కొచ్చి, తెప్పని కట్టి, తెరచాప తాడు అందుకున్నాడు.

తెరచాప నీడ పలకల మీద పడకుండా ఎర్రన్న పడవని వంకరగా తిప్పి ఎండ వెంట నడిపాడు. కొండ వెనకబడింది. మళ్ళీ వద్దాంలే అని ఎవరూ అనలేదు, అనే ఓపిక లేదు. ముందు ఎవరు పడుకోవాలి, ఎవరు పంపుని కనిపెట్టి ఉండాలి అన్న దాని మీద మాత్రం కాసేపు పోట్లాడుకున్నారు.