గువ్వ ముక్కు పట్టేసిన పొద్దు

తెల్లారేసరికి గువ్వ ముక్కు పూర్తిగా పట్టేసింది. మూడో నెల పిల్ల. పాలసీసా నోటికందిస్తే ఆబగా రెండు గుక్కలు లాగడం, ఊపిరందక వదిలెయ్యడం, ముఖం కందగడ్డలా చేసుకుని ఏడవడం. అమ్మమ్మ పిల్లను భుజాన వేసుకుని పొయ్యికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా ఆ చిన్న ముక్కులోంచి వచ్చే గురగుర ఆమె గుండెను కోస్తోంది.

ముందు గదిలో అల్లుడు చెక్కను చిత్రిక పడుతున్నాడు. అతను వడ్రంగి. ముందు గది కొట్టు, వెనక రెండు గదులు కాపురం. ఆ చప్పుడు ఆగితే నాకు నిద్రే పట్టదమ్మా అని కూతురు నవ్వుతూ చెప్పేది. ఆ కూతురు ఇప్పుడు లేదు. పిల్ల పుట్టిన రెండో వారంలో జ్వరం తగిలింది, రక్తంలోకి విషం పాకిందన్నారు, చూస్తూ చూస్తూ ఉండగానే పోయింది. అమ్మమ్మ చేరేసరికి అంతా అయిపోయింది. గువ్వ అని ముద్దుగా పిలిచే ఆ పిలుపొక్కటే తల్లి పిల్లకు మిగిల్చి వెళ్ళింది. అప్పటినుంచి అమ్మమ్మ ఇక్కడే ఉండి పిల్లను సాకుతోంది.

ఆసుపత్రివాళ్ళు చెప్పింది ఆమె చెవికెక్కలేదు. ఆమె కంటికి కనిపించిందల్లా కర్రపొట్టు. కిటికీ చువ్వల మీద, దిండు గలీబుల మీద, అల్లుడి కనుబొమల మీద. నా బిడ్డ ఉసురు తీసింది ఇదేనని మనసులో ముద్ర పడిపోయింది. ఒకటికి పదిసార్లు ఆ మాటే సణిగింది. అల్లుడు ఎదురు చెప్పలేదు. పిల్లను ఎత్తుకోవడం మానేశాడు. పడక కొట్టులోకి మార్చుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి పిల్లను కాసేపు చూసుకుని వెళ్ళిపోయేవాడు.

నిన్న సాయంత్రం డాక్టరమ్మ పిల్ల ఛాతీ పరీక్షించి, మామూలు జలుబే, భయం లేదంది. ఉప్పునీటి చుక్కల మందు ఇచ్చింది. పాలు పట్టేముందు చుక్క వేసి, లోపల మెత్తబడ్డాక తుడవమంది. పాలు కొంచెం కొంచెంగా పట్టమంది, ముక్కులో నూనె మాత్రం పొయ్యొద్దంది. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు బొత్తిగా మానేసినా వెంటనే తీసుకురమ్మంది. అల్లుడు తల ఊపుతూ అన్నీ విన్నాడు. అమ్మమ్మ మాత్రం పొట్టు సంగతి అడిగింది. దుమ్ము దూరంగా ఉంచితే మంచిదేనమ్మా అంది డాక్టరమ్మ. ఆమె ఆ ఒక్క ముక్కనే పట్టుకుని ఇంటికొచ్చింది.

పిల్ల ఏడుపు ఎంతకీ ఆగకపోయేసరికి చిత్రిక చప్పుడు ఆగింది. అల్లుడు గుమ్మంలోకి వచ్చి, మందు వేశారా అని అడిగాడు. ఆమె పిల్లను అటు తిప్పుకుంది.

"అక్కడే ఉండండి బాబూ. ఒళ్ళంతా పొట్టే."

అతను అక్కడే ఆగిపోయాడు. తెల్లవార్లూ మథనపడి తేల్చుకున్నది ఆమె చెప్పేసింది. పిల్లను తన ఇంటికి తీసుకుపోతుంది. ఈ పూటే బయల్దేరుతుంది. జలుబు తగ్గినా మళ్ళీ పంపదు. ఇంత దుమ్ములో పసిదాన్ని ఉంచడం తన వల్ల కాదు.

"కొట్టు ఎత్తేస్తాను అత్తయ్యా," అన్నాడతను మెల్లగా. "వేరే పనేదైనా చూసుకుంటాను. పిల్లని మాత్రం తీసుకెళ్ళకండి."

"ఇప్పుడెత్తేస్తే నా కూతురొస్తుందా? ఆ పొట్టే దాన్ని మింగింది. దీన్నైనా నాకు మిగలనివ్వండి."

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "రక్తంలో విషం చేరిందని డాక్టర్లు మీ ముందే చెప్పారు కదా," అన్నాడు.

"చెప్పారు. కానీ నేనెప్పుడొచ్చాను బాబూ? అంతా అయ్యాక కదా వచ్చింది. జ్వరం తగిలిన రోజే నాకెందుకు కబురు చెయ్యలేదు?"

ఇన్నాళ్ళూ గొంతుకు అడ్డం పడి ఉన్నది ఈ మాటేనని, అది బయటికి వచ్చేదాకా ఆమెకే తెలియదు. అతను ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు.

ఈలోగా ఏడ్చి ఏడ్చి పిల్లకు దగ్గుతెర వచ్చింది. అమ్మమ్మ కంగారుగా ఒళ్ళో పడుకోబెట్టుకుని మందు బుడ్డి అందుకుంది. చుక్క బుగ్గ మీద పడింది. మరొకటి కంట్లో పడింది. పిల్ల గుక్కపట్టింది. కళ్ళనిండా నీళ్ళు నిలిచి ఆమెకు ఆ చిన్న ముక్కు ఆనడం లేదు.

పెరట్లో కుళాయి చప్పుడైంది. అతను మోచేతుల పైదాకా సబ్బు రుద్దుకుని, తలా ముఖమూ కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. అలవాటుగా గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి వచ్చి, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచాడు. ఆమె అతని ముఖంలోకి చూడలేదు. పిల్లను ఇచ్చింది.

మెడ కింద అరచెయ్యి పెట్టి, తల కాస్త వెనక్కి వాల్చి, ఒక్కో రంధ్రంలో ఒక్కో చుక్క వేశాడు. తర్వాత నిలువుగా గుండెకానించుకుని వీపు నిమురుతూ కూర్చున్నాడు. గువ్వ ముఖమంతా చిట్లించి ఒక్క తుమ్ము తుమ్మింది. ఉతికిన చొక్కా కాస్తా పాడైపోయింది.

"ఓసి నీ దుంపతెగ, ఇంత దాచావా," అన్నాడతను. మెత్తటి గుడ్డ కొసతో తుడిచి సీసా అందించాడు. పిల్ల తాగింది, ఆగి ఊపిరి తీసుకుంది, మళ్ళీ తాగింది. గురగుర సద్దుమణిగింది.

అమ్మమ్మ గోడకు జారబడి చూస్తూ ఉండిపోయింది. పాలు తాగుతూ తాగుతూనే పిల్ల కళ్ళు మూతపడ్డాయి.

"ఎవరినో ఒకరిని అనకపోతే నాకు ఊపిరాడ్డం లేదు నాయనా," అంది చివరికి. "నువ్వు తిరిగి ఒక్క మాటా అనలేదు. అందుకే అన్నీ నిన్నే అన్నాను."

ఇన్నాళ్ళూ 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అనేసరికి అతను తలెత్తాడు.

"కబురు చెయ్యబోయాను అత్తయ్యా. ఫోను తనే లాక్కుంది. అమ్మకి చెప్పకు, ఆ మోకాళ్ళతో బస్సులు మారుతూ పరిగెత్తుకొచ్చేస్తుంది, రేపటికి తగ్గిపోతుందిలే అంది. నేనూ తగ్గుతుందనే అనుకున్నాను. మర్నాటికి తనకి స్పృహ లేదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నా వల్లే కదా అని మీరు కుమిలిపోతారని. నన్నంటే నేను పడతాను."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కూతుర్ని కాటికి సాగనంపిన రోజు కూడా రాని ఏడుపు ఇప్పుడు కట్టలు తెంచుకుంది. వెర్రితల్లి, చచ్చేముందు కూడా నా మోకాళ్ళ గురించే ఆలోచించిందా అని గొణుక్కుంటూ చాలాసేపు ఏడ్చింది. ఏడుపు కాస్త నెమ్మదించాక ముఖం తుడుచుకుంది.

"కొట్టు ఎత్తెయ్యకు. కొట్టుకీ గదికీ మధ్య ఒక తలుపు పెట్టు. నీ చేతిలో పనే కదా. పిల్ల ఎక్కడికీ రాదు. నేనే ఇక్కడుంటాను."

అతను తలాడించాడు. ఆమె దగ్గరికి జరిగి తడిసిన అతని తల మీద చెయ్యి వేసింది.

"నువ్వు ఏడవడం నేను ఒక్కరోజూ చూడలేదు. ఏడువు నాయనా."

అప్పుడు అతని భుజాలు కుదిలిపోయాయి. పిల్లను మోస్తున్న చెయ్యి మాత్రం కదలలేదు. ఆ చేతిలో గువ్వ నోరు కాస్త తెరుచుకుని, ముక్కుతోనే ఊపిరి తీసుకుంటూ, ఆదమరిచి నిద్రపోయింది.