లేని పొయ్యి బాగుందట

ఇంగ్లండులోని హల్ ఊళ్లో శనివారం పొద్దున వాన పడకపోతే అదే పండగ. ఆ రోజు పండగేమీ కాదు. వంటింటి కిటికీ మీద చినుకులు జారుతుంటే పాలీన్ బల్ల దగ్గర కూర్చుని, ఒక పక్క టీ, టోస్టు, ఇంకో పక్క మొగుడి కాగితాలు పరుచుకుంది. నెవిల్ ముప్ఫై ఎనిమిదేళ్లుగా గ్యాస్ మెకానిక్. ఇళ్లలో నీళ్లు కాచే బాయిలర్ పాడైందంటే ఎంత దూరమైనా పోతాడు గానీ, కవరు మీద చిరునామా రాయమంటే మాత్రం ఎక్కడలేని నడుం నొప్పీ వచ్చేస్తుంది. అందుకని ఆ చాకిరీ పెళ్లయిన నాటినుంచీ పాలీన్‌దే. ఇప్పుడామెకు అరవై రెండు. ఇంకెన్నాళ్లు చెయ్యాలో అనుకుంటూనే కళ్లజోడు పెట్టుకుంది.

ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఏడాదికోసారి గ్యాస్ పరీక్ష చేయించి, ఆ కాగితం ఒకటి అద్దెకున్నవాళ్ల చేతిలో పెట్టాలి. అక్టోబరు వచ్చిందంటే నెవిల్ ఊరందరి ఇళ్లకూ తిరిగేది ఆ పని మీదే. పాలీన్ వాళ్లకూ హెస్సిల్ రోడ్డు పక్క సందులో ఒక అద్దె ఇల్లుంది. అందులో ఉండేది లియాన్, వాళ్ల కొడుకు క్రెయిగ్ భార్య. సరిగ్గా చెప్పాలంటే ఒకప్పటి భార్య. ఏడాదిన్నర కిందట క్రెయిగ్ ఇంకొకావిడతో లీడ్స్ వెళ్లిపోయాడు. లియాన్ కూతుర్ని పెట్టుకుని ఆ ఇంట్లోనే ఉండిపోయింది. కొడుకు దూరమైనా కోడలు మిగిలిందని పాలీన్ లోలోపల సంతోషపడేది. ఆ మాట పైకి అనడానికి ధైర్యం చాలేది కాదు.

లియాన్‌ది ముసలివాళ్ల ఆశ్రమంలో పని. శుక్రవారం రాత్రి డ్యూటీ కాబట్టి ఆ రాత్రికి ఏడేళ్ల మైసీ నానమ్మ దగ్గర పడుకుంటుంది. ఇప్పుడు ఎదురుగా కూర్చుని గుడ్డు పెంకు చెంచాతో కొడుతోంది.

"మా ఇంట్లో గుడ్డు నేనే ఉడకబెడతా, తెలుసా నానమ్మా? కొత్త పొయ్యికి మంట ఉండదు. ప్లగ్గు పెట్టడమే."

"కొత్త పొయ్యా? ఎప్పుడు కొన్నారే?"

"ఎండాకాలం సెలవుల్లో. అమ్మ వాళ్ల ఫ్రెండు ఇచ్చింది. పాతదాన్ని ఇద్దరొచ్చి మోసుకుపోయారు." మైసీ టోస్టు ముక్క గుడ్డులో ముంచుకుని, "నాకు ఇక్కడ పడుకోవడమే ఇష్టం. లేవగానే తలనొప్పి ఉండదు" అంది.

ఇంట్లో ఫోన్లో బొమ్మలు మరీ ఎక్కువ చూసి తలనొప్పి తెచ్చుకుంటోందేమోనని పాలీన్ కాస్త మందలించి, ఇంకో టోస్టుకు వెన్న రాసిచ్చింది. తర్వాత చేతిలో ఉన్న కాగితం కవర్లో పెట్టబోయింది. అది లియాన్ ఇంటిదే. మొన్న గురువారం తేదీ, కింద నెవిల్ సంతకం. ముందుగదిని వెచ్చబెట్టే గ్యాస్ ఫైరు, దాని వెనక బాయిలర్: బాగున్నాయి. వంటగది గ్యాస్ పొయ్యి: బాగుంది.

పాలీన్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. జూలై సెలవుల్లో ఇల్లు దాటిపోయిన పొయ్యిని ఈయన అక్టోబరులో పరీక్ష చేశాడట. బాగుందట. ఆమె లేచి, బీరువాలోంచి నిరుటి కాగితం తీసి పక్కన పెట్టుకుంది. పరీక్ష అంకెలన్నీ అచ్చు అవే. ఏ బాయిలరూ రెండేళ్లపాటు చుక్క తేడా లేకుండా ఒకే అంకె చూపించదని ఇన్నేళ్లు ఆ కాగితాలు సర్దిన మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. మైసీని టీవీ చూసుకోమని ముందుగదిలోకి పంపి, తలుపు దగ్గరగా వేసింది.

నెవిల్ పెరటి షెడ్డులోంచి వచ్చి, సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

"నెవ్, గురువారం లియాన్ ఇంటికి వెళ్లావా?"

"కాగితం రాశాగా."

"కాగితం సంగతి కాదు నేనడిగేది. వెళ్లావా?"

నెవిల్ సబ్బు ఇంకోసారి రుద్దుకున్నాడు. "అదే బాయిలర్ పాలీన్. నేనే బిగించా. దాని గుణం నాకు తెలుసు."

"పొయ్యి గుణం కూడా తెలుసా? ఆ పొయ్యి ఇంట్లోనే లేదు. ఎండాకాలంలోనే తీసి పారేశారు."

కుళాయి ఆగింది. నెవిల్ కుర్చీలో కూలబడి, ఇక దాచే ఓపిక కూడా లేనట్టు మెల్లగా చెప్పాడు. నిరుడూ బయల్దేరాడు, మొన్నా బయల్దేరాడు. సందు మలుపులో చిప్స్ కొట్టు దాకా వెళ్లి వ్యాను ఆపాడు. అక్కడినుంచి ఆ ఇంటి తలుపు కనిపిస్తుంది. పాలీన్ కట్టిచ్చిన సాండ్‌విచ్ తిన్నాడు. గంటసేపు ఆ తలుపు చూశాడు. కాళ్లు కదల్లేదు. స్టీరింగు మీద కాగితం పెట్టుకుని పాత అంకెలే ఎక్కించి ఇంటికొచ్చాడు.

మొహం చెల్లలేదు, అదీ సంగతి. ఎందుకు చెల్లలేదో పాలీన్‌కు తెలుసు. క్రెయిగ్ ఇంకా ఇంట్లో ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం లియాన్ నెవిల్‌కు ఫోన్ చేసి, క్రెయిగ్ మీ దగ్గరున్నాడా అని అడిగింది. నాతోనే ఉన్నాడు, ఫ్లోరు కింద పైపు పని చేస్తున్నాడు, ఫోను అందుకోలేడు అన్నాడు నెవిల్. అలా చెప్పమని కొడుకు అడిగాడు, తండ్రి చెప్పాడు. ఆ వేళ నెవిల్ పక్క ఊరు బెవర్లీలో ఎవరింట్లోనో ఒక్కడే పనిచేసుకుంటున్నాడు. నెల తిరక్కుండా ఆ ఇంకొకావిడ సంగతంతా బయటపడింది. లియాన్ ఏడవలేదు, తిట్టలేదు. ఈ ఇంట్లో మీరొక్కరు అబద్ధం చెప్పరనుకున్నా అని మాత్రం అంది. ఆ తర్వాత నెవిల్ ఆ గడప తొక్కలేదు. పిల్లను తేవడం, దింపడం అన్నీ పాలీనే. ఈ వసంతంలో, ఇంట్లో విషవాయువు చేరితే మోగే అలారం కీచుకీచుమంటోందని లియాన్ చెప్పి పంపితే, చూస్తాలే అన్నాడు. చూడలేదు. పాలీనూ మళ్లీ గుర్తుచేయలేదు.

"సిగ్గుపడ్డావు, బాగానే ఉంది," అంది పాలీన్. ఆమెకు కోపం తెచ్చుకునే శక్తి కూడా లేకపోయింది. "నీ సిగ్గుకి ఆ తల్లీకూతుళ్లు ఏం చెయ్యాలి? మైసీ ఇందాక ఏమందో తెలుసా? ఇక్కడ పడుకుంటే లేవగానే తలనొప్పి ఉండదంట."

గ్యాస్ పొగ బయటికి పోకపోతే ముందు వచ్చేది తలనొప్పేనని నెవిల్‌కు తెలుసు. గోడ గడియారం వైపు చూశాడు. తొమ్మిదింపావు. "లియాన్ డ్యూటీ ఎన్నింటికి దిగుతుంది?"

"ఎనిమిదింటికి. వచ్చి ఆ ఫైరు ముందే సోఫాలో పడుకుంటుంది. పైగది చల్లగా ఉంటుందని..." పాలీన్ మాట సగంలో మింగేసి ఫోన్ అందుకుంది. నెవిల్ ఫోన్లో ఇప్పుడు లియాన్ నంబరు కూడా లేదు. ఆమే నొక్కి అతని చేతిలో పెట్టింది. చెప్పాల్సింది నువ్వే అంది.

ఎనిమిదిసార్లు మోగాక లియాన్ ఎత్తింది.

"లియాన్, నేను నెవిల్‌ని. ఫైరు వెలుగుతోందా?"

అవతల నిద్రమత్తులో, నాలుక మడతపడుతున్నట్టు గొంతు వినిపించింది. "వెలుగుతోంది. ఏం?"

"ఆర్పెయ్ తల్లీ. కిటికీలన్నీ తీసి బయటికి వెళ్లిపో. నేను వస్తున్నా."

"ఇన్నాళ్లకి ఫోన్ చేసి బయటికి పొమ్మంటారా? తల పగిలిపోతోంది నాకు. పడుకోనివ్వండి."

"నా మాట విను లియాన్."

"మీ మాట ఒకసారి విన్నాగా," అంది లియాన్. విసుగు కూడా లేదు ఆ గొంతులో. ఫోన్ పెట్టేయబోతోందని పక్కన నిలబడ్డ పాలీన్‌కు కూడా తెలిసిపోయింది.

నెవిల్ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. "నిరుడు నేను ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు. మొన్నా పెట్టలేదు. వ్యాన్లో కూర్చుని రాసేశా. ఏదీ చూడకుండా అన్నీ బాగున్నాయని సంతకం పెట్టా. నీకు నేను చెప్పిన రెండో అబద్ధం అది. ఇప్పుడు చెప్పేది నిజం. లే."

అవతల దుప్పటి జారిన చప్పుడు, ఫైరు మర టక్కున తిప్పిన చప్పుడు, బిగుసుకున్న కిటికీ కిర్రుమని లేచిన చప్పుడు. పాలీన్ అప్పటికే ఇంకో ఫోన్లో అంబులెన్సును పిలుస్తోంది.

నెవిల్ వ్యానులో, పాలీన్ మైసీతో కారులో వెళ్లేసరికి లియాన్ నైటీ మీద కోటు వేసుకుని వానలో పేవ్‌మెంటు మీద కూర్చుని ఉంది. పక్కింటావిడ గొడుగు పట్టుకుని నిలబడింది. అంబులెన్సు వాళ్లు ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, వేలికి ఏదో తగిలించి చూశారు. ఒంట్లో విషవాయువు చేరిందన్నారు. ఇంకో గంట అలాగే పడుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేం అన్నారు. మైసీని కూడా చూపించాలని పాలీన్ ఇద్దరితోనూ ఆసుపత్రికి వెళ్లింది. నెవిల్ వ్యానులోంచి సంచీ తీసుకుని, ఏడాదిన్నర తర్వాత ఆ గడప తొక్కాడు.

ఇల్లంతా గాలి ఆడనిచ్చాక గాలి ఎటు లాగుతోందో చూపే పొగపుల్ల వెలిగించి ఫైరు పైభాగంలో పెట్టాడు. పైకి పోవాల్సిన పొగ వెనక్కి తిరిగి గదిలోకే, అతని మొహం మీదికే వచ్చింది. ఫైరు ఊడదీసి చూస్తే చిమ్నీలోంచి గుప్పెళ్లకొద్దీ పుల్లలు రాలాయి. ఏవో పక్షులు గూడు కట్టుకున్నాయి. అలారం మెట్ల కింద సొరుగులో, తువ్వాలు చుట్టి కనిపించింది. చిమ్నీ మూసుకుపోయిందని మోకాళ్ల మీద కూర్చుని పదిహేను నిమిషాల్లో కనిపెట్టాల్సింది. రెండేళ్లూ అతను సాండ్‌విచ్ తిని వెళ్లిపోయాడు. నెవిల్ గ్యాస్ ఆపేసి, మూత బిగించి, గ్యాస్ వాళ్ల అత్యవసర నంబరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. తర్వాత ఆ పుల్లల పక్కనే నేల మీద కూర్చుని కొత్త కాగితం రాశాడు.

మధ్యాహ్నం మూడింటికి పాలీన్ కారులో లియాన్‌ను గుమ్మం దగ్గర దింపింది. ఇద్దరికీ భయం లేదన్నారట. బాయిలర్ సంగతి తేలేదాకా తల్లీకూతుళ్లు తన దగ్గరే ఉండాలని పాలీన్ దారిలోనే తేల్చేసింది. వెనకగది సర్దడానికి మైసీతో ఇంటికి వెళ్లిపోయింది. లియాన్ బట్టలు సర్దుకున్నాక నెవిల్ వ్యానులో తీసుకురావాలి.

లియాన్ లోపలికి వచ్చి పుల్లల గుట్ట చూసింది. కోటు విప్పకుండానే సోఫా చివర కూర్చుంది. నెవిల్ కాగితం చాపితే అందుకోలేదు.

"చదవండి. మీ నోటితో."

అతను కళ్లజోడు తుడుచుకున్నాడు. "ముందుగది ఫైరు, బాయిలర్: ప్రమాదకరం. వాడకూడదు. గ్యాస్ ఆపేశాను. అలారం: పనిచేయడం లేదు. వంటగది గ్యాస్ పొయ్యి..." కళ్లెత్తి ఆమెను చూశాడు. "లేదు."

లియాన్ తల ఊపింది. సోమవారం గ్యాస్ మెకానిక్‌ల పేర్లుండే ఆఫీసుకు ఫోన్ చేసి రెండేళ్ల సంగతీ తనే చెప్పేస్తానన్నాడు నెవిల్. పేరు కొట్టేస్తారు, కొట్టెయ్యాలి కూడా అన్నాడు. కొత్త బాయిలర్ వేరేవాళ్ల చేత పెట్టిస్తానన్నాడు. ఆమె అన్నీ విని, వాటికేమీ బదులు చెప్పకుండా ఒకటడిగింది.

"ఆ సాయంత్రం క్రెయిగ్ మీతో లేడు కదా."

"లేడు. ఎక్కడున్నావురా అని కూడా వాణ్ణి అడగలేదు. అడిగితే నాకు తెలిసిపోతుందని." నెవిల్ చేతుల వైపు చూసుకున్నాడు. "నీకు అప్పుడే చెప్పాల్సింది తల్లీ."

లియాన్ కళ్లు తుడుచుకుంది. "పొద్దున మీ మాట విని ఎందుకు లేచానో తెలుసా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"చిప్స్ కొట్టు దగ్గర మీ వ్యాను చూశా. నిరుడు చూశా, మొన్న గురువారమూ చూశా. రెండుసార్లూ టీ నీళ్లకు కెటిల్ పెట్టి, రెండు కప్పులు తీసి, ఈ కిటికీలోనే నిలబడ్డా. మీరు సాండ్‌విచ్ తిని వెళ్లిపోయారు. నిరుడు అన్నీ బాగున్నాయని కాగితం వచ్చినప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. అయినా నోరు మూసుకున్నా. గొడవ చేస్తే మీ పని పోతుంది, మైసీకి తాత దూరమవుతాడు. నాన్న దూరమైంది చాల్లే అనుకున్నా. నా పిల్ల ఈ గదిలోనే కూర్చుంటుందని ఆలోచించలేదు." ఆమె కాసేపు ఆగింది. "ఆ రెండుసార్లూ ఇంట్లోకి రాలేదని పొద్దున మీరే చెప్పారు. అది నిజమని నాకు తెలుసు. అందుకే లేచా."

నెవిల్ ఏడ్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఊరందరి ఇళ్లలో మోకాళ్ల మీద కూర్చున్న మనిషి, ఆ మసి పుల్లల మధ్య కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లియాన్ ఆపమనలేదు, దగ్గరికీ రాలేదు. అతని చేతిలోంచి కాగితం తీసుకుని, అద్దెకున్నవాళ్ల సంతకం అని ఉన్నచోట తన పేరు రాసి, మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

"కెటిల్ ప్లగ్గుదే," అంది లేస్తూ. "టీ తాగి వెళ్దాం."

వంటింట్లోకి వెళ్లి రెండు కప్పులు తీసింది.