ఎడమచేతి ఉలిగాట్లు

పొద్దున్నే రేవు వీధిలో సేమ్యా జావ తాగనిదే చువాంగ్ దెషున్‌కి రోజు మొదలవదు. యాభై ఏళ్లు రాయి కొట్టిన చేతులు ఇప్పుడు గిన్నె పట్టుకుంటేనే వణుకుతున్నాయి. అయినా ఇంట్లో తాగమంటే తాగడు. ఇంట్లో భార్య మాట్లాడదు, కూతురు మాట్లాడితే పోట్లాటే. పియావ్‌హువా అంగట్లోనైతే తన మాటకి ఊకొట్టేవాళ్లు నలుగురుంటారు.

పది రోజులు మరమ్మతులకని మూసిన ఆ అంగడి ఆ రోజే తెరిచారు. గుమ్మంలో అడుగు పెట్టగానే పియావ్‌హువా ఎదురొచ్చింది.

"బాబాయ్, చూశావా నా గోడ? రాతిగోడ!"

దెషున్ వేలితో గోడని కొట్టాడు. డొల్లగా మోగింది. "ఇదా రాయి? సబ్బు నురగకి అన్నలా ఉంది. గట్టిగా తుమ్మితే ఎగిరిపోతుందేమో, చూసుకో."

"మీ అమ్మాయి చైలియన్ షెడ్డులో మందులు కలిపి నురగలా పోసిన పలకలేలే. నేనొక్కదాన్నే చంకన పెట్టుకుని మోసుకొచ్చా. అన్నీ ఒకే అచ్చువి కదా, పక్కపక్కనే ఒకే రాయి కనబడితే దొరికిపోతామట. ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా అంటించమంది."

కూతురు చేసేది దొంగరాయి అని ఆయన ఊరంతా చెప్పుకుంటాడు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ షెడ్డు గడప తొక్కలేదు. ఈ రోజు నలుగురి ముందూ దాని గుట్టు బయటపెట్టాలని సరదా పుట్టింది. చెంచా ఎత్తి చూపిస్తూ, "ఇదిగో ఈ రాయే మళ్లీ ఇక్కడ. ఇదే మళ్లీ అక్కడ తలకిందులుగా..." అంటూ ఆగిపోయాడు.

ఉలిగాట్లు ఎడమ నుంచి కుడికి దిగుతున్నాయి. కుడిచేత్తో సుత్తి పట్టే మేస్త్రీ గాట్లు కుడి నుంచి ఎడమకి దిగుతాయి. ఇవి దానికి ఎదురు. పలకని తలకిందులు చేసినా ఆ వాలు మారలేదు. ప్రతి గాటు చివరా ఉలి పైకి లేపేటప్పుడు పడిన చిన్న కొక్కెం కూడా ఆయనకి తెలిసినదే.

ఆ రేవులో ఎడమచేతి వాటం మేస్త్రీ ఒక్కడే ఉండేవాడు. దెషున్ కొడుకు షిగెన్. చెయ్యి మార్చుకోమని పదేళ్ల వయసులో కర్ర విరిగేలా కొట్టినా వాడు మార్చుకోలేదు. తండ్రి గాట్ల పక్కన వాడి గాట్లు ఎబ్బెట్టుగా ఉంటాయని, రేవు కట్ట గోడ మొత్తం వాడొక్కడికే అప్పగించాడు. అయిదేళ్ల క్రితం ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ముతో షిగెన్ పోయాడు. అప్పటికి వాడికి ఇరవై తొమ్మిదేళ్లు. రోడ్డు వెడల్పు చేయడానికి ఆ గోడనీ రెండేళ్ల క్రితం కూలగొట్టేశారు.

దెషున్ జావ ముట్టకుండా లేచాడు.

షెడ్డులో చైలియన్ రబ్బరు అచ్చు నుంచి కొత్త పలక ఊడదీస్తోంది. తండ్రి గుమ్మంలో నిలబడటం చూసి తెల్లబోయింది.

"ఎవర్నడిగి తీశావే ఈ అచ్చు?"

"ఏ అచ్చు నాన్నా?"

"నాటకాలాడకు. అక్కడ జావ తాగేవాళ్లంతా నీ తమ్ముడి చేతికి వీపులు ఆనించుకుని కూచున్నారు. జిడ్డు వేళ్లు దానికే తుడుస్తున్నారు."

చైలియన్ పలకని నెమ్మదిగా కింద పెట్టింది. "గోడ కూలగొట్టే ముందు రోజు వెళ్లి, ఆ రాళ్ల మీద రబ్బరు పూసి తీసుకొచ్చా. నిన్నూ రమ్మన్నా. కడుపునొప్పని గోడవైపు తిరిగి పడుకున్నావ్."

"చచ్చినోడి చేతిని ఊరూరా అమ్ముకుంటావా? సిగ్గు లేదూ?"

"అమ్ముకుంటా! ఎన్ని గోడలకి ఎక్కితే అన్ని గోడలకి ఎక్కనీ. నీ అసలు రాయి వాణ్ణి తినేసింది నాన్నా. నా దొంగరాయి ఎవర్నీ తినలేదు."

చైలియన్ అక్కడితో ఆగలేదు.

"అమ్మ రోజూ మధ్యాహ్నం ఇక్కడికొచ్చి రంగులెందుకు వేస్తోందనుకున్నావ్? పొద్దుపోకనా? ఆ గాట్ల మీద కుంచె తిప్పుతూ వాడితో మాట్లాడుకుంటుంది. నీతో మాట్లాడని మాటలన్నీ ఇక్కడే."

అంచులు కోసే కత్తి బల్ల మీద ఉంది. దెషున్ దాన్ని అందుకున్నాడు. చైలియన్ అడ్డం రాలేదు. పక్కకి తప్పుకుంది.

"కొయ్యి. గోడ లేదు, వాడు లేడు. ఉన్నదిదొక్కటే. కోసి చల్లబడు."

ఆయన అచ్చు మీదికి వంగాడు. కొడుకు గాట్ల కోసం వేళ్లు పెట్టి తడిమాడు. రాతిలో పల్లంగా ఉండాల్సినవి రబ్బరులో ఉబ్బెత్తుగా తగిలాయి. వాలు మాత్రం కుడి నుంచి ఎడమకి ఉంది. మళ్లీ తడిమాడు. అదే వాలు. యాభై ఏళ్లుగా తన ఉలి కింద చూసుకున్న వాలు.

"ఇది వాడిది కాదే... ఇది నా చెయ్యి."

"అచ్చులో అంతా తిరగబడుతుంది నాన్నా. అద్దంలోలాగా. పలక పోస్తే వాడిదే వస్తుంది."

ఆ మాత్రం ఆయనకీ తెలుసు. అయినా అచ్చు పక్కనే నేల మీద కూలబడ్డాడు. కత్తి ఎక్కడ పడిందో చూసుకోలేదు.

"ముక్కుకి గుడ్డ కట్టుకుంటానన్నాడే," అన్నాడు దెషున్. "రాళ్లు కోసే యంత్రం తెచ్చిన మొదటి రోజే అడిగాడు. దుమ్ము ఎక్కువగా ఉంది నాన్నా, అన్నాడు. నేను నవ్వాను. మీ అమ్మ తలగుడ్డ తెచ్చివ్వనా, బుగ్గల దాకా చుట్టుకుందువుగాని, అని పదిమందిలో అన్నా. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఇంకెప్పుడూ అడగలేదు."

చైలియన్‌కి ఈ సంగతి తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె తండ్రిని ఎన్ని మాటలో అనాలని ఏళ్లుగా దాచుకుంది. అయినా పక్కన కూచుని ఆయన చేతిని పట్టుకుంది. ఆయన పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

చాలాసేపటికి తలెత్తి షెడ్డంతా చూశాడు. రంగు డబ్బాలు, మూత తీసిన రసాయనాల పీపాలు, ముక్కు మండించే ఘాటు.

"ఇవన్నీ కలిపేటప్పుడు నువ్వు ముక్కుకేమన్నా కట్టుకుంటున్నావా?"

చైలియన్ తల దించుకుంది. "రేపట్నుంచి కట్టుకుంటా నాన్నా."

"రేపు కాదే."

తలుపు వెనక కొక్కేనికి భార్య పూల తలగుడ్డ వేలాడుతోంది. దెషున్ గోడ పట్టుకుని లేచి దాన్ని తీసుకొచ్చాడు. కూతురి ముక్కూ నోరూ కప్పి, వెనక ముడి వేయబోయాడు. వేళ్లు మాట వినలేదు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి బిగిసింది.

"మరీ గట్టిగా కట్టావు నాన్నా," అంది చైలియన్ గుడ్డలోంచి.

"ఉండనీ," అన్నాడు దెషున్.