తలుపు దగ్గరి కుర్చీ

వాన కుడివైపు బాగానే కురుస్తోంది. ఎడమవైపు, వెనకాల మాత్రం సన్నబడింది. మూడు రోజులుగా రిత్విక్ గారికి ఇదొక్కటే చిరాకు.

కాకినాడలో ఆ ఉదయం ఎండ యాభై డిగ్రీలు. తొమ్మిది దాటితే వీధిలో మనిషన్నవాడు కనిపించడు. జనం బయటి లోకాన్ని ఇంట్లోకే తెచ్చుకుని నలభై ఏళ్లయింది. ప్రతి ఇంట్లో ఒక నాదగది, దాని చుట్టూ గోడలకు శబ్దాలు పలికే ఎనిమిది నాదకాలు. వాన కావాలంటే వాన, సముద్రం కావాలంటే సముద్రం. చుట్టాలు కూడా నాదగదిలోకే వస్తారు. వచ్చేది గొంతు ఒక్కటే కాబట్టి కాఫీ పెట్టే పని కూడా లేదు!

ఆ ఎనిమిది నాదకాలూ యజమాని కుర్చీ దగ్గర సమానంగా వినిపించాలి. దాన్నే సమతూకం అంటారు. శ్రుతికాపరి అనే యంత్రం యజమాని చెవుల తీరును కర్ణముద్రగా దాచుకుంటుంది. ఆయన చెవి ఎటువైపు మందగిస్తే, అటువైపు నాదకాన్ని తనంతట తనే కాస్త కాస్త పెంచుతూ పోతుంది. రిత్విక్ గారు ఉద్యోగంలో ఉండగా ఈ పద్ధతి రాసిన పెద్దల్లో ఒకరు. "ఒక ఇల్లు, ఒక కుర్చీ" అన్న నియమం అచ్చంగా ఆయనదే. కొలిచేటప్పుడు గదిలో రెండో మనిషి ఉండకూడదు, ఒంటి మీది బట్టలు కూడా శబ్దాన్ని పీల్చేస్తాయని ఇంటిల్లిపాదినీ బయటికి పంపించేసేవారు. సొంత ఇంట్లోనూ అంతే.

డెబ్బై రెండేళ్ల రిత్విక్ గారింటికి ఏటేటా జరిగే తనిఖీకి ఇరవై ఆరేళ్ల ఆదెమ్మ వచ్చింది. పేర్ల వాడుక ఆ కాలానికి అలా తిరగబడింది మరి.

"ఎడమ వెనకది పెంచమ్మా. శ్రుతికాపరి తన హద్దు దాకా పెంచేసి ఆగిపోయింది. వాన ఒక పక్కే పడుతోంది," అన్నారాయన.

"పెంచుతానండి. కాకపోతే ఈ ఏడు రూలు మారిందండి. గదిలో ఎన్ని కుర్చీలుంటే అన్నిటి దగ్గరా కొలిచాకే పెంచాలంట."

"ఏడిసినట్టుంది! అన్ని కుర్చీలకీ సమతూకం ఎక్కడన్నా కుదురుతుందా? ముప్పై ఏళ్లు చేశాను ఈ పని."

"తెలుసండీ. మీ పాఠాలే చదువుకున్నాం," అని నవ్వుతూనే ఆదెమ్మ కొలమానం పట్టుకుని తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది. మరుక్షణం ఎడమ చెవి మూసుకుని లేచిపోయింది.

"అమ్మబాబోయ్! ఇందులో ఎవరు కూర్చుంటారండీ?"

"మా ఆవిడ. వంటింటికి దగ్గరని పద్దెనిమిదేళ్లుగా అక్కడే."

ఆదెమ్మ కొలమానం ఆయన చేతికిచ్చింది. ఆయన కుర్చీ దగ్గర చినుకుల చప్పుడే. ఎడమ వెనుక నాదకానికి మూరెడు దూరంలో ఉన్న ఈ కుర్చీ దగ్గర పిండిమర మోత. ఆయన ఎడమ చెవి ఏటేటా మందగించింది, శ్రుతికాపరి ఏటేటా పెంచింది. పాపం, యంత్రం తప్పేమీ లేదు. ఇక్కడ ఇంకో కుర్చీ ఉందని దానికి ఎవరూ చెప్పలేదు.

అంతలో నిహారిక గారు మజ్జిగ గ్లాసులతో వచ్చారు. ఆదెమ్మ ఆవిడ ఎడమ పక్కన నిలబడి, "అమ్మగారూ," అని పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. పలకలేదు. కుడి పక్కకి వెళ్లి పిలిస్తే, "ఏమ్మా, మజ్జిగలో ఉప్పు చాల్లేదా?" అన్నారు.

రిత్విక్ గారికి ఐదేళ్ల కిందటి మాట గుర్తొచ్చింది.

అప్పుడు నిహారిక గారి అక్క భీమవరంలో మంచాన పడింది. చూసొస్తానని ఆవిడ బ్యాగు సర్దుకుంటే ఆయనే ఆపారు. "ఈ ఎండలో ఎందుకు? నాదగదిలో మీ అక్క పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. సమతూకం నేను చేసి పెడతాగా," అన్నారు. చేసి పెట్టారు కూడా. అక్క ఆఖరి ఊపిరి ఎంతో స్పష్టంగా వినిపించింది. పట్టుకోవడానికి చెయ్యి మాత్రం లేదు.

నెల తరవాత భోజనం చేస్తూ ఆయన తలొంచుకుని, "నిన్ను వెళ్లనివ్వకపోవడం నాదే తప్పు. క్షమించు," అన్నారు. ఆ మాట ఆయన నోట రావడం జీవితంలో అదే మొదలు. బల్ల దగ్గర ఆవిడెప్పుడూ ఆయనకు కుడి పక్కన కూర్చుంటారు. అంటే ఆయన వైపు ఉండేది ఆవిడ ఎడమ చెవి.

"ఇంకాస్త పప్పు వేసుకోండి," అన్నారావిడ.

క్షమించలేదన్నమాట, అనుకున్నారాయన. ఆ రోజు నుంచి అన్నం దగ్గర మాటలు మానేశారు. నాదగదిలో ఏదన్నా అడిగితే మాత్రం ఆవిడ చక్కగా జవాబు చెప్పేవారు, అక్కడ ఆయన ఉండేది ఆవిడకు కుడివైపు కాబట్టి. ఈవిడకు వాన మీద ఉన్న ప్రేమ నా మీద లేదని ఆయన లోలోపల కుళ్లుకున్నారు.

"అంత మోత పడుతుంటే చెప్పవేం నిహారికా?" కొలమానం చూపిస్తూ అడిగారు రిత్విక్ గారు.

"మీరు కొలిచి పెట్టారు కదండీ. ఇక తప్పెందుకుంటుంది? లోపం నా చెవిలోనే ఉందనుకున్నాను. అక్క పోకముందే ఆ చెవి పోయింది."

రిత్విక్ గారు "వాన ఆపెయ్యమ్మా," అన్నారు ఆదెమ్మతో.

మధ్యాహ్నం ఆయన తన కంచం తీసుకుని బల్లకు అవతలి వైపు, నిహారిక గారి కుడి పక్కకు వెళ్లి కూర్చున్నారు.

"అదేంటండీ, ఇటొచ్చారు?"

"మీ అక్క దగ్గరికి నిన్ను వెళ్లనివ్వలేదు. నాదే తప్పు. నన్ను క్షమించు."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఈ ఒక్క మాట కోసం ఐదేళ్లు ఎదురుచూశానండీ. మీ నోట ఇక రాదనుకున్నాను. అప్పుడే అని ఉంటే మీతో ఇంత ముభావంగా ఉండేదాన్నా?"

అప్పుడే అన్నాను, అన్న మాట ఆయన గొంతు దాకా వచ్చింది. అదొక్కటి చెబితే ఆయన బరువు సగం దిగిపోతుంది. కానీ లోపం తన చెవిదేనని ఆవిడ మళ్లీ అనుకుంటుంది. ఆయన ఆ మాట మింగేశారు.

"అవును నిహారికా. చాలా ఆలస్యం చేశాను," అన్నారు, ఆవిడ కుడి చెవికి వినపడేలా.